ఆలూరులో పదికి పది

కరోనాకు నాలుగేండ్ల ముందు, ఎండలు ముదిరిన దినాల్లో, నన్ను మొయినాబాద్ ఫీల్డు ఆఫీసుకు సూపర్‌వైజర్‌గా వేసిన్రు. ఉద్యోగంల అదే నా చివరి పోస్టింగు. అంతకుముందు ఇరవై ఏండ్లకు పైగా రకరకాల ఆరోగ్య సర్వేలల్ల పనిచేసిన. పిల్లల బరువులు తూచిన, బాలింతల రక్తపరీక్షలు రాసిన. ఈసారి పని ముసలితనం మీద. పేరుకు ఆఫీసే గని, బీజాపూర్ రోడ్డుకు ఆనుకొని కిరాయికి తీసుకున్న రెండు గదులు. ఒక గదిల బరువు మిషన్లు, బీపీ మిషన్లు, ఛార్జింగ్‌కు పెట్టిన టాబ్లెట్లు. రెండో గదిల నేను, నలుగురు ఇన్వెస్టిగేటర్లు. ఇన్వెస్టిగేటరు అంటే పోలీసు పని అనుకునేరు. ఇల్లిల్లు తిరిగి ప్రశ్నలడిగి రాసుకునే మనిషికి మా దగ్గర ఆ పేరు.

మామూలు సర్వే ఒక్కసారి చేసి లేస్తది. ఇది అట్ల కాదు. ఊరి ఇండ్ల జాబితాలకెళ్లి కంప్యూటరు చీటీ తీసినట్టు కొందరు పెద్దమనుషులను ఏరుతది. ఆ మనుషులనే మూడేండ్లకోసారి వెతుక్కుంట పోయి, అవే ప్రశ్నలు అడిగి, అవే కొలతలు తీసుకోవాలె. మనిషి దొరకలేదని పక్కింటామెను రాసుకుంటే కుదరదు. బిడ్డ ఇంటికి పోయి ఉంటే ఆ ఊరికి పోవాలె. కాలం చేసి ఉంటే ఎట్ల చేసిందో, ఎన్ని దినాలు మంచంల ఉన్నదో ఇంటోళ్లను అడిగి రాయాలె. ఒక మనిషి ఇయ్యాల పిడికిలి ఎంత గట్టిగ పట్టిందన్నది మాకు పెద్ద ముచ్చట కాదు. మూడేండ్ల కింద ఎంత పట్టింది, మళ్ల మూడేండ్లకు ఎంత పడుతది, ఆ నడుమ తేడానే మాకు కావల్సింది.

ఒక్కో మనిషికి రెండు గంటలకు తక్కువ పట్టదు. ముందు సమ్మతి పత్రం చదివి వినిపించాలె. ఇష్టం లేకపోతే ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకుండ ఉండొచ్చని, నడుమల లేచిపోయినా ఎవరూ ఏమనరని చెప్పాలె. తర్వాత రోగాలు, మందులు, నిద్ర, తిండి, ఇంట్ల ఎవరు సాయం చేస్తరు, ఎవరితోని మాట్లాడుతరు. బీపీ మూడుసార్లు చూడాలె, నడుమ నడుమ ఆగుకుంట. చేతికి పిడికిలి బలం చూసే మిషన్ ఇచ్చి ఒత్తమంటం. నేల మీద టేపు పరిచి, ఎప్పటిలెక్కనే నడువుమని గడియారం పడుతం. పెద్దలకు ఇదంతా తమాషాగనే ఉంటది. పిడికిలి మిషన్ వచ్చిందంటే ఇంట్ల అందరికీ ఒకసారి ఒత్తాలనిపిస్తది.

అన్నిటికంటె సున్నితమైనది యాది పరీక్ష. పది మాటలు, ఒకదానికొకటి సంబంధం లేనివి, తూకం తప్పకుండ ఒకే వేగంతో చదువుతం. విన్న మనిషి గుర్తున్నకాడికి తిరిగి చెప్పాలె. ఆ తర్వాత వేరే ప్రశ్నలల్ల పడేసి, కొంచెంసేపటికి ‘ఇందాకటి మాటలు మళ్ల చెప్పవ్వా’ అని అడుగుతం. ఏ మాట ముందు చెప్పిన్రు, ఏది తర్వాత చెప్పిన్రు అన్నది గూడ టాబ్లెట్ల పడుతది. ఈ పరీక్ష ఒక్కరినే కూసోబెట్టి చేయాలె. రెండోసారి చదవొద్దు, రాసి చూపియ్యొద్దు, తలకాయ ఊపి సాయం చేయొద్దు. శిక్షణల ఈ మూడు మాటలు మేం ఇన్వెస్టిగేటర్లతోని వల్లె వేయించేవాళ్లం.

నాలుగో వారంల హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది. డేటా చూసే డాక్టరు గారు తొందరపడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం నేరుగ విషయానికొచ్చిండు. చేవెళ్ల మండలం ఆలూరుల ఏడుగురు ఆడవాళ్లు యాది పరీక్షల పదికి పది చెప్పిన్రు. మూడేండ్ల కింద ఇందుల ఒక్కరికి గూడ ఏడు దాటలేదు. అంతకంటె అనుమానం పుట్టించే ముచ్చట ఇంకోటి ఉన్నది. ఏడుగురూ పది మాటలను ఒకే వరుసల చెప్పిన్రు. మనుషులు అట్ల చెప్పరు. ఆఖరున విన్నది ముందు చెప్తరు, నడుమల ఉన్నవి మరిచిపోతరు. ఏడు ఫారాలూ స్వప్న రాసినవే.

స్వప్న మా నలుగురిల సీనియరు. చిలుకూరు దిక్కు ఊరు, ఇద్దరు పిల్లల తల్లి, అంతకుముందు అయిదేండ్లు ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చిన మనిషి. ఏడాదికోసారి కాంట్రాక్టు. తేలేదాక ఆమెను ఫీల్డుకు పంపొద్దన్నరు. తేలకపోతే కాంట్రాక్టు ఉండదన్న మాట ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు గని, ఆ గదిల ఉన్నోళ్లందరికీ తెలుసు.

పిలిచి అడిగిన. ఆమె ఏడ్వలేదు, గొంతు పెంచలేదు.

“ఇంట్ల కూసోని రాసినవి కావు మేడం. వాళ్లే చెప్పిన్రు. మూడో ఇంటికొచ్చేసరికి నాకు గూడ వింతనిపించింది. గని చెప్పింది చెప్పినట్టు రాయాలె, మన మనసుల మాట రాయొద్దని మీరే గదా చెప్పింది.”

“వింతనిపిస్తే నాకు ఫోను చేయాలె గదా?”

“చేయాలె. అది నా తప్పే” అన్నది.

నేను ఆమెను నమ్మినానంటే అబద్ధమైతది. నా ఉద్యోగంల రెండుసార్లు, చెట్టు కింద కూసోని ఊరంతా నింపిన ఫారాలు పట్టుకున్న. రెండుసార్లూ ఆ పని చేసినోళ్లు మంచి పనిమంతులే. అందుకే ‘చూద్దాం’ అని మాత్రం అన్న.

ఇట్లాంటప్పుడు చేసేదాన్ని తిరుగు పరిశీలన అంటరు. సూపర్‌వైజరు ఒక్కతే, చెప్పకుండ ఆ ఇండ్లకు పోయి, మా మనిషి నిజంగ వచ్చిందా, ఎంతసేపు కూసున్నది, ఏమేం అడిగింది అని విచారించాలె. మరునాడు పొద్దున బస్సెక్కి ఆలూరు పోయిన.

మొదటి ఇల్లు రూతమ్మది. డెబ్భై దగ్గర పడ్డ మనిషి, చర్చిల ఆడవాళ్ల కూటానికి పెద్ద, నోట్ల మాట ఆగదు. వాకిట్ల టమాటలు ఏరుతున్నది. వందనాలు చెప్పి, సర్వే ఆఫీసు నుంచి వచ్చిన అని అన్న. నా మాట పూర్తి కాకముందే చేతులు కడుక్కొని వచ్చి స్టూలు మీద నిటారుగ కూసోని మొదలుపెట్టింది.

“బండి, పాలు, కిటికీ, వాన, గొంగడి, ఉంగరం, తేలు, బడి, దీపం, మామిడి.”

ఊరికె చెప్పుడు కాదు. రాగం తీసి చెప్పింది. రెండు మాటలకొకసారి చెయ్యి గూడ ఊపింది.

“నేనింకా ఏం అడగలేదవ్వా” అన్న.

“అడుగుతవు గదా బిడ్డ” అన్నది.

ఎట్ల యాదికున్నదని అడిగితే, దేవుని దయ అన్నది. రెండో ఇంట్ల గూడ అదే వరుస, అదే రాగం. మూడో ఇంట్ల ఉన్న ఆమెకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకొని, “బుధారం కూటంల రూతమ్మ నేర్పింది. చెప్పొద్దన్నది” అని బయటపెట్టింది.

అప్పటికి స్వప్న మీద అనుమానం పోయింది. ఎందుకు నేర్పినట్టు అన్నది మిగిలింది. మళ్ల రూతమ్మ దగ్గరికే పోయిన. ఈసారి ఆమె రాగం తియ్యలేదు. లోపలికి తీసుకపోయి, చాయ పెట్టి, జర ఆలోచన చేసి చెప్పింది.

ఆ ఊర్ల సుగుణమ్మ అని ఒకామె ఉన్నది. ఎన్నడో, చర్చి వెనక గదిల ఈ ఆడవాళ్లందరికీ అక్షరాలు నేర్పిన మనిషి. కూటంల వాక్యం చదివేది ఆమెనే, చదివినంక ప్రశ్నలు అడిగేది గూడ ఆమెనే. రెండేండ్ల సంది ఆమె ఒకటి అడిగితే ఇంకోటి చెప్తున్నది. పాట అందరు ఒక చరణం పాడినంక ఎత్తుకుంటున్నది. పోను పోను ప్రశ్నలు అడుగుడు బందు పెట్టింది. అమ్మకు మతి తప్పుతున్నదని కొడుకు ప్రభాకర్ అందరితోని చెప్పుకుంటున్నడు.

మా సర్వే రూతమ్మ పక్కింటి నుంచి మొదలైంది. కిటికీల నుంచి పది మాటల పరీక్ష చూడంగనే రూతమ్మకు సుగుణమ్మ సంగతే యాదికొచ్చిందట.

“మాకు అక్షరం పెట్టినామె బిడ్డ. ఈ మిషన్ల ఆమె ఒక్కతే ఫెయిలైతే ఏం గావాలె? మతి లేదని రాసుకపోతరు. ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తోలుతరేమో అని గూడ ఒకామె అన్నది. ఆరు మాటలు నాకు యాదికున్నయి. మిగిలినయి నాతోని కిటికీ కాడ నిలబడ్డోళ్లకు యాదికున్నయి. కాయితం మీద రాసి సుగుణమ్మకు ఇచ్చినం.”

“మరి మీరందరు ఎందుకు నేర్చుకున్నరవ్వా?”

ఆమె నన్ను అమాయకురాలిని చూసినట్టు చూసింది.

“ఆమె ఒక్కతే పది చెప్తే అనుమానం రాదా?”

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు పోయింది. కిటికీ కాడ నిలబడ్డోళ్లు అన్న మాట తగిలింది. సర్వే మొదలైన రెండో దినం తనిఖీకి వచ్చినప్పుడు, స్వప్న ఇంకో ఇంట్ల ప్రశ్నలు అడుగుతుంటే కిటికీ కాడ నలుగురు ఆడవాళ్లు తొంగిచూసుకుంట నిలబడ్డరు. నేను కండ్లార చూసిన. పొమ్మంటే మొఖం మాడ్చుకుంటరు, రేపు మమ్మల్ని గడప తొక్కనియ్యరని ఊకున్న. మూడు నియమాలు వల్లె వేయించిన మనిషిని, ఒక్కరినే కూసోబెట్టాలన్న అసలు నియమం నేనే వదిలేసిన.

ఆ రోజే డాక్టరు గారికి ఫోన్ల మొత్తం చెప్పిన. నేను చూసి ఊకున్న సంగతి గూడ చెప్పిన. అది రాతపూర్వకంగ కావాలన్నడు, రాసి పంపిన. ఆయన ఆ ఏడు ఫారాల యాది పరీక్ష వాడొద్దని గుర్తు పెట్టించి, ఇసొంటి అవసరానికని దాచిపెట్టిన ఇంకో పది మాటల జాబితాతోని మళ్ల పరీక్ష చేయుమన్నడు. స్వప్న చేయొద్దు, నేనే చేయాలె.

ముందు కూటానికి పోయి, అందరి ముందల ఈ పరీక్ష ఎందుకో విప్పి చెప్పిన. నిజానికి అది మొదటి దినమే చేయాల్సిన పని. ఇందుల పాసు ఫెయిలు లేదు, మీ పేరు ఏ కాయితం మీద బయటికి రాదు, ఎవరినీ ఎక్కడికీ తోలరు, వయసుతోని యాది ఎట్ల మారుతదో తెలుసుకుంటే రేపటోళ్లకు మందులు, దవాఖానలు ఎట్లుండాల్నో తెలుస్తది అన్న. వెనక కూసున్న ఒకామె, “గిదేదో ముందే చెప్తే మాకు పాట కట్టే పని తప్పేది గదా” అన్నది. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన.

ఆరుగురి పరీక్ష రెండు దినాల్ల అయిపోయింది. నాలుగు చెప్పినోళ్లున్నరు, ఏడు చెప్పినోళ్లున్నరు. రూతమ్మ ఆరు చెప్పి, ఏడోది నాలుక మీదనే ఉన్నదని గోడ దిక్కు చూసుకుంట కూసున్నది. అన్నీ మనుషులు చెప్పే తీరుగనే ఉన్నయి.

ఆఖరున సుగుణమ్మ. సన్నగ, తెల్లచీరల, కండ్లద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నయి. ప్రభాకర్ ఆటో నడుపుతడు. ఆ పొద్దు బండి తియ్యకుండ ఇంటికాడనే ఉండి, “అమ్మకు కష్టమైతది మేడం, నేను చెప్తనా ఆమెకు బదులు?” అని అడిగిండు. మంచాన పడ్డోళ్లకు, మాట రానోళ్లకు బదులు ఇంటోళ్లు చెప్పే ఏర్పాటు మా దగ్గర ఉన్నది. యాది పరీక్షకు మాత్రం లేదు. అతన్ని బయట కూసోమని తలుపు దగ్గరికేసిన.

పది మాటలు చదివిన. ఆమె నా మొఖం నుంచి చూపు తిప్పలేదు. అయిపోయినంక చెప్పుమన్న. మూడు సరిగ్గ చెప్పింది. ఇంకో రెండు చెప్పింది, అవి జాబితాల లేవు. ‘చిలక’ అన్నది, ‘గంట’ అన్నది. లేని మాటలను వేరే గడిల రాసుకుంటం. రాసుకుంట ఉంటే నా వేలు ఆగింది. జాబితాల పలక ఉన్నది. గంప ఉన్నది.

మతి తప్పుతున్న మనుషులను నేను శానమందిని చూసిన. వాళ్లు ఊకుంటరు, లేకపోతే ఎక్కడిదో మాట తెస్తరు. పలకను చిలక అనరు. ఈమె మరిచిపోలేదు. ఈమె చెవుల పడ్డది చిలకనే.

నియమం ప్రకారం పరీక్ష పూర్తి చేసిన. రెండోసారి చదవలేదు, ఆమె చెప్పిందే పంపిన. టాబ్లెటు బందు చేసి సంచిల పెట్టినంక, నా డైరీల కాయితం చింపి, నాకు తోచిన పది మాటలు పెద్దక్షరాలతోని రాసి ఆమె చేతికిచ్చిన. చదువుకున్నంక తిరిగి తీసుకున్న. తోట ముచ్చట, మనుమరాలి చదువు ముచ్చట దగ్గర కూసోని గట్టిగ మాట్లాడిన. పావుగంట తర్వాత అడిగితే తొమ్మిది చెప్పింది. వరుస తప్పించి, మనుషులు చెప్పినట్టే చెప్పింది. పదోది సబ్బా అని నన్నే అడిగింది. సబ్బే.

అసలు ఆ సంగతి ముందే పట్టుకోవాల్సింది. కాయితం మీద చూసిన పది మాటలను వారంల నేర్చుకొని వరుస తప్పకుండ ఒప్పజెప్పిన మనిషికి యాది లేకపోవుడేంది?

దగ్గరికి జరిగి, “అవ్వా, నీకు మాటలు సరిగ్గ వినొస్తున్నయా?” అని అడిగిన. జారిన కండ్లద్దాలు పైకి తోసుకున్నది.

“పెదవులు చూస్తె తెలుస్తది. కూటంల అందరు ఒక్కసారి మాట్లాడుతె తెల్వదు. మొదట్ల నాకు మతి బాగనే ఉన్నదనుకున్న బిడ్డ. అందరు పోయింది అంటుంటె, నిజమే గావచ్చు అనుకున్న. అవునంటె లొల్లి లేదు గదా.”

మా పని కొలుచుడు వరకే. రోగం పేరు పెట్టే హక్కు మాకు లేదు. బీపీ బాగా ఎక్కువుంటే దవాఖానకు పొమ్మని ఒక చీటీ ఇస్తం, అంతే. డాక్టరు గారికి ఫోను చేసి, అదే చీటీ మీద ‘చెవి పరీక్ష’ అని రాసియ్యొచ్చా అని అడిగిన. రాయి, కింద నా పేరు పెట్టు అన్నడు. తలుపు తీసి ప్రభాకర్‌కు ఇచ్చిన. మతి సంగతి తర్వాత, ముందుగాల చెవులు చూపియ్యి అన్న. అతను చీటీని రెండుసార్లు చదివి, తల్లి దిక్కు చూసి, “గట్టిగ అర్వకురా అంటదని నేను మెల్లగ మాట్లాడుతున్న మేడం” అన్నడు.

చేవెళ్ల దవాఖానల చూసి సిటీకి పంపిన్రు. ఒక చెవిల ఎన్నేండ్ల గులిమో గట్టిపడి ఉన్నది, తీసేసిన్రు. రెండో చెవికి మిషన్ పెట్టిన్రు. రెండు నెలలకు ఇంకో పని మీద ఆలూరు పోయినప్పుడు చర్చి ముంగట నుంచి నడుస్తుంటే లోపల కూటం నడుస్తున్నది. సుగుణమ్మ ఎవరినో, నిన్న చదివింది ఇయ్యాల ఎట్ల మరిచినవే అని నిలదీస్తున్నది. లోపలికి పోలేదు. బస్సు టైమైంది.

స్వప్న వారంల ఫీల్డుకు తిరిగొచ్చింది, కాంట్రాక్టు గూడ పొడిగించిన్రు. నమ్మలేదని ఆమెతోని నేనే చెప్పిన. “మీ జాగల నేనున్నా నమ్మకపోదును మేడం” అన్నది. తర్వాత నాలుగేండ్లు కలిసి పనిచేసినం. ఇప్పుడు ఆ రెండు గదుల ఆఫీసుకు ఆమెనే సూపర్‌వైజరు. తనిఖీల ఏకాంతం పాటించనందుకు నాకు ఒక మెమో వచ్చింది. న్యాయమే. జవాబుల తప్పు ఒప్పుకొని సంతకం పెట్టిన.

తర్వాతి విడతల మా పద్ధతి మారింది. ఇంటర్వ్యూకు ముందు ఊరోళ్లను కూసోబెట్టి ప్రతి పరీక్ష ఎందుకో చెప్పుడు తప్పనిసరి అయింది. మాటల జాబితాలు నాలుగైనయి, ఎవరికి ఏది రావాల్నో టాబ్లెటే తీస్తది. యాది పరీక్షకు ముందు వినికిడి చూస్తరు. వినరానోళ్లకు, చదువొస్తే మాటలు అచ్చుల చూపిస్తరు, అట్ల చూపించినట్టు విడిగ గుర్తు పెడుతరు. ఆ విడత పూర్తి చేసి నేను రిటైరైన.

ఈ పనిలకు కొత్తగ వచ్చేటోళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మనిషి జవాబు తక్కువ పడ్డదంటే మనిషి తగ్గిందని వెంటనే రాసుకోవద్దు. మన ప్రశ్న ఆమె దాక చేరిందో లేదో ముందు చూడాలె. అనుమానం వచ్చిన లెక్కను తీసి పారేయొద్దు, ఆ ఇంటికి నడిచిపోవాలె. లెక్క ఎందుకు తప్పిందో అక్కడనే తెలుస్తది.